కొండెక్కినాడు

తన పదోదినం జరిగి పది నెలలైందని గోపన్నకు తెలిసి ఇంకా అరగంట కూడా కాలేదు. కోడుమూరు సాలెవీధిలో, సొంత ఇంటికి ఎదురుగా, నూలు సాగదీసి గంజి పట్టించే బయల్లో, వేపచెట్టు కింది రాయి మీద కూర్చున్నాడు. వాకిలి బార్లా తీసి ఉంది, లోపల మగ్గం ఆడుతున్న చప్పుడు వినిపిస్తోంది. మహా అయితే ఇరవై అడుగులు. హరిద్వారం నుంచి కేదారం దాకా ఎక్కి, మళ్ళీ కిందికి నడిచి, బతికి బట్టకట్టి వచ్చిన మనిషికి ఈ ఇరవై అడుగులు నడిచేందుకు వీల్లేదట. నడవొద్దన్నది ఎవరు? తోడబుట్టిన తమ్ముడు ఈరన్న. దగ్గరికి కూడా రాలేదు వాడు, నడుమ అంత జాగా వదిలి, చేతులు కట్టుకొని, పరాయివాడితో మాట్లాడినట్టు మాట్లాడాడు. "అన్నా, నువ్వు ఆడనే కూసో. గడప దాటొద్దు. నీకు పదిదినాలూ చేసేసినాం," అన్నాడు. గోపన్నకు నవ్వొచ్చింది. నిజంగానే నవ్వాడు కూడా. చుట్టూ ఉన్నవాళ్ళలో ఒక్కరూ నవ్వలేదు, ఆ నవ్వు మధ్యలోనే నోట్లో ఎండిపోయింది. చేసేసినాం అంట! గంజి పెట్టేసినాం, చీర మడతేసేసినాం అన్నంత తేలిగ్గా చెప్పేశాడు వెధవ. పిండాలు పెట్టారా? పెట్టారు. కాకి ముట్టిందా? ముట్టింది, వెంటనే ముట్టింది, మనసులో ఏ కొరతా పెట్టుకోకుండా పోయినాడని అందరూ అనుకున్నారట. ఆ కాకికేం పోయేకాలం. తను ఆ పొద్దు ఎక్కడున్నాడు? లెక్కేసి చూసుకుంటే ఆషాఢంలో, కేదారం దిగువన ఉఖీమఠంలో కంబళి కింద కాళ్ళు కాచుకుంటూ, మజ్జిగన్నం దొరికితే బాగుండునని ఏడుస్తూ ఉన్నాడు. ఇక్కడ కాకి తన పేరు మీద తినిపోయింది.

పొద్దున వీధి మొదట్లో అడుగు పెట్టినప్పుడు ఇదంతా తెలిస్తే గదా. నిన్న కర్నూలులో రైలు దిగి నడక మొదలుపెట్టాడు, దారిలో ఒక ఊరి చావడిలో పడుకొని తెల్లవారకముందే లేచాడు. నల్లరేగడి పగిలి నోరు తెరిచిన చేలు, కళ్ళలోకి కొట్టే వేడిగాలి, ఆ ఎండిన మొండి నేలను చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, అంత ముద్దొచ్చింది ఆ పొద్దు. వీధిలో మొదట ఎదురైంది రామేశ్వరమ్మ, పక్కింటావిడ, నీళ్ళ బిందెతో. ఏం వదినా బాగుండావా అన్నాడు. ఆమె మొఖం చూడలేదు, వంగి కాళ్ళు చూసింది. చూసి బిందె వదిలేసి పరుగెత్తింది. తర్వాత వచ్చినవాళ్ళూ అంతే, ఒక్కొక్కరూ ముందు కాళ్ళే చూశారు. కుడికాలికి మూడు వేళ్ళు లేవు కదా, పాపం అనుకుంటున్నారు కాబోలు అని గోపన్న కాలు కొంచెం వెనక్కి దాచుకున్నాడు కూడా. దాచుకోవడంతో వాళ్ళు ఇంకా బెదిరారు. దయ్యానికి కాళ్ళు వెనక్కి తిరిగి ఉంటాయి గదా, వాళ్ళు చూస్తున్నది అదీ. తన కష్టాన్ని చూసి జాలిపడుతున్నారనుకొని తనే మొఖం అదోలా పెట్టాడు. తలుచుకుంటే సిగ్గుతో చెవులు కాలుతున్నాయి.

వేళ్ళు పోయినందుకు ఎవరినీ అనేందుకు లేదు. కేదారంలో దర్శనం అయింది, అందరూ దిగిపోతున్నారు, నువ్వూ దిగిరా అని దారిలో తోడైన తెలుగు పంతులు చెప్పాడు. వినలేదు. గుడి వెనక ఆ తెల్లకొండ ఉంది చూశావూ, పాండవులు నడిచిపోయింది దాని మీదికేనట, ఒక్క పూట ఆ వైపు పోయి వస్తానన్నాడు. పోయాడు. గొంగడి కప్పుకొని, నారచెప్పులకు గుడ్డపేలికలు చుట్టుకొని, ఇనుప మొన ఉన్న కర్ర పొడుచుకుంటూ ఎక్కాడు. ఎక్కడా చెట్టు లేదు, గడ్డి లేదు, పిట్ట అరుపు లేదు. మంచు అంటే రాయలసీమ మనిషికి ఏం తెలుసు, మార్గశిరంలో జొన్నచేల మీద పొద్దున పూట తడి, అంతే. అక్కడిది మోకాళ్ళ లోతు. ఉతికి చలువచేసిన నూలు కొండలు కొండలుగా పోసినట్టుంది. కళ్ళు మూసినా తెల్లగానే కనిపించింది. ఊపిరి సగం సగమే అందుతోంది, ఒక అడుగు వేస్తే నాలుగు మార్లు రొప్పాలి, అయినా ఆ కాళ్ళు ఆగలేదు. ముప్పై ఏళ్ళు మగ్గం గుంటలో నడుముదాకా దిగి, తొక్కుడుచెక్కలు తొక్కుతూ, ఉన్నచోటనే నడిచిన కాళ్ళు అవి. రోజుకు పదివేల అడుగులు వేసి జానెడు ముందుకు పోని కాళ్ళు. ఇప్పుడు తొక్కితే ముందుకు పోతున్నాయి, అందుకే ఆపబుద్ధి కాలేదు. సాయంత్రం దిగి వచ్చి పేలికలు విప్పితే వేళ్ళు మైనం మాదిరి తెల్లబడి ఉన్నాయి, గిల్లితే తెలియలేదు; ఉఖీమఠం దాకా దిగేసరికి నల్లబడ్డాయి, ఇంక నడవలేక అక్కడే పడ్డాడు.

ఆ నడక పిచ్చి ఈనాటిది కాదు. మహానందికి పోయేవాడు, అహోబిలానికి పోయేవాడు, శివరాత్రికి ఆత్మకూరు మీదుగా నల్లమల దాటి శ్రీశైలం పోయేవాడు. భీముని కొలను లోయ దిగి ఎక్కేటప్పుడు అందరూ శివా శివా అని మూలిగితే తను లోలోపల నవ్వుకునేవాడు. భక్తి లేక కాదు, ఉంది, కానీ ఆ భక్తికి రెండు కాళ్ళున్నాయి. మూడేళ్ళ కిందట మహానంది కోనేటి మెట్ల మీద ఒక బైరాగి కూర్చుని హిమవంతం గురించి చెప్పాడు. దేవప్రయాగలో రెండు నదులు కలిసేచోట ఒకటి పచ్చగా ఒకటి మట్టిరంగుగా కాసేపు పక్కపక్కనే పారతాయట, తాళ్ళ వంతెనల మీద మనుషులు ఊగుతూ దాటతారట, రోజుకొక మజిలీ, మజిలీకొక చట్టీ, అంటే పాక, ఆ పాకలో బియ్యం పప్పు కొనుక్కుంటే వండుకునే గిన్నెలూ పడుకునే చోటూ వాళ్ళే ఇస్తారట. ఆ పొద్దునుంచి గోపన్న మగ్గం మీద కూర్చుంటే పడుగు నిలువు పోగుల్లో దారులు కనిపించడం మొదలైంది. ధాత సంవత్సరం చైత్రంలో ఇంక తాళలేక బయలుదేరాడు. బయలుదేరే రెండు రోజుల ముందు పెండ్లాం బసమ్మతో చెప్పాడు. చెప్పడం కూడా ఏం చెప్పడం, అన్నం తింటూ, పచ్చడి ఇంకొంచెం వెయ్యి అన్నట్టు చెప్పాడు. ఆమె చెయ్యి ఆగింది. నేనూ వస్తా అంది. గోపన్నకు పొరపోయింది. ఆడదానివి, ఆ కొండలు నువ్వేం ఎక్కుతావు, దారిలో నిన్ను నేను మోయాల్నా అని నవ్వాడు. ఆమె దారికని కొర్రలు వేయించి పిండి కొట్టి మూటకట్టింది, వేరుశనగ ఉండలు చేసింది.

ఇప్పుడు ఈ రాయి మీద కూర్చుంటే ఆ మాట ఎందుకు గుర్తుకు రావాలి? దారంతా ఆడవాళ్ళే గదా. లక్ష్మణఝూలా దాటగానే మొదటి ఎక్కుడులో ఒక ముసలామె, గుజరాత్ దేశమో మార్వాడమో, వీపు ఒంగిపోయి చేటలాగా ఉంది, నోట్లో ఒక్క పన్ను లేదు, కర్ర పొడుచుకుంటూ తనను దాటుకొని పోయింది. రుద్రప్రయాగలో ఒక బాలింత, చంటిబిడ్డను వీపుకు కట్టుకొని వేడివేడి రొట్టెలు కాలుస్తోంది, తెల్లారితే ఆమే ముందు. గౌరీకుండంలో పొగలు కక్కే నీళ్ళల్లో ఆడవాళ్ళు మునిగి లేచి తడిబట్టలతోనే ఎక్కిపోయారు. వాళ్ళను చూసినప్పుడల్లా బసమ్మ గుర్తొచ్చేది. గుర్తొచ్చి, ఇంటికి పోయినాక ఇట్లా అని చెబితే నవ్వుతుందిలే అనుకునేవాడు. నవ్వుతుందట! ఎంత మొద్దు తను. ఉఖీమఠంలో చలికాలమంతా కదలకుండా పడి ఉన్నప్పుడు, ఎదురింట్లో కొండజాతి ఆడది ఒకతె ఉన్ని నేసేది. నడుముకు తోలుపట్టా కట్టుకొని, పడుగు రెండో కొస గడపకు తగిలించి, పొట్టతోనే లాగి పట్టుకొని నేసేది. ఆడది నేస్తోందని గోపన్న నోరు తెరుచుకొని చూశాడు. సాలెవాళ్ళలో ఆడవాళ్ళు కండెలు చుడతారు, గంజి పెడతారు, నూలు అతుకుతారు, గుంటలో కాలు పెట్టరు. పెడితే మగ్గానికి అరిష్టం అంటారు. ఎవరన్నారో ఎవరికీ తెలియదు.

మగ్గం. ఇందాకటినుంచి ఆడుతూనే ఉంది, వీడు ఈరన్న ఇక్కడే నిలబడి ఉన్నాడు గదా, మరి లోపల ఎవరు? కూలికి ఎవరినైనా పెట్టారేమో. అడగబోయాడు, కానీ ఈరన్న అప్పుడే కార్డు సంగతి ఎత్తాడు. ఏ కార్డు అన్నాడు గోపన్న. నువ్వు పోయినావని వచ్చిన కార్డే, అన్నాడు ఈరన్న, ఆ మాట అన్న తర్వాత తన ఎదుట కూర్చున్నది ఎవరో గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు. ఏమని ఉంది దాంట్లో అంటే, బడి అయ్యవారు చదివింది చదివినట్టే నోటికొచ్చు అన్నాడు. వీధంతా నోటికొచ్చట. చేతులు కట్టుకొని బడిపిల్లవాడి మాదిరి అప్పజెప్పాడు. "మీ గోపన్న ఈ దినం కేదారమందు కొండెక్కినాడు. బహుకాలపు కోరిక తీరినది. ఎవరును చింతింపవలదు. అంతయు శివుని దయ."

ఆ మాటలు చెవిన పడగానే గోపన్న గుర్తుపట్టాడు. ఆ కార్డు తనే రాయించాడు. కేదారంలో దర్శనమైన పొద్దు, గుడి పక్క రాతి సత్రంలో, వేళ్ళు వంకర్లు పోతుంటే కుంపటి దగ్గర కాచుకుంటూ పంతులు రాశాడు. ఆయనది నెల్లూరు వైపు, రిటైరైన బడిపంతులు, మంచివాడు, అచ్చు పుస్తకంలో మాదిరి రాస్తాడు. ఏం రాయమంటావయ్యా అంటే, ఏం రాయాలి సామీ, కొండెక్కినాడని రాయండి, నా కోరిక తీరిందని రాయండి, బయపడొద్దనండి, అంతా శివుడి దయ అనండి, అన్నాడు తను. ఆనందంతో చెప్పాడు. ఒక్కొక్క మాటా అదే, ఒక్కటీ మారలేదు. గుప్తకాశిలో టపాలో వేస్తానని పంతులు జేబులో పెట్టుకొని ముందు దిగిపోయాడు, ఆ మనిషిని మళ్ళీ చూసింది లేదు. కొండెక్కినాడు. ఏ ఇంట్లోనైనా దీపం ఆరిపోయిందని ఎవరంటారు? అశుభం, నోటితో అనకూడదు. దీపం కొండెక్కిందంటారు. చిన్నప్పుడు తను ఒకసారి ఆరిపోయిందని అంటే అమ్మ మూతి మీద కొట్టింది. కేదారం అంత దూరం పోయి, తిరిగి వస్తాడో రాడో అని వీధంతా అనుకుంటున్నవాడు, కోరిక తీరి, శివుడి దయవల్ల, కొండెక్కాడు, ఎవరూ ఏడవొద్దు. ఎవడు చదివినా చచ్చాడనే చదువుతాడు. తను విన్నా అదే అనుకొని ఉండేవాడు. దేవుడా, నా చావు కార్డు నేనే చెప్పి రాయించినానే అనుకున్నాడు గోపన్న.

పసుపు లేదు గదన్నా, అన్నాడు ఈరన్న, తప్పు తమది కాదని చెప్పుకోవడానికి. మంచి కబురు ఉత్తరమైతే నాలుగు మూలలా పసుపు ఉంటుంది. ఈ కార్డుకు ఒక్క మూలా లేదు. ఆ మంచుకొండల్లో పసుపు ఎక్కడ తెచ్చేది? గోపన్నకు అరవాలనిపించింది. ఆ నెల్లూరు పంతులు వేళ్ళు కలం పట్టుకుంటే చాలన్నట్టున్నాడు. సరే, పసుపు లేదు, మాట అట్లా ఉంది, ఇంకొకరితో చదివించుకోవచ్చు గదా, కర్నూలు తీసుకపోయి పెద్ద బడివాళ్ళకు చూపించవచ్చు గదా, అది యాడుండాది చూపించు అన్నాడు. ఈరన్న తల వంచుకున్నాడు. అది లేదు. చావు కబురు కార్డు ఇంట్లో ఉంచుకుంటారా ఎవరైనా? చదవడం అయిపోతూనే బడి అయ్యవారు దాన్ని నాలుగు తునకలు చేసి మురికికాలవలో వేశాడు. వెయ్యాల్సిన పద్ధతి అదే గదా, తన తండ్రి పోయినప్పుడు గద్వాల చుట్టాలకు తను పంపిన కార్డులూ అట్లాగే చింపి ఉంటారు. తను బతికే ఉన్నానని చెప్పే కార్డును, తన చావు ఇంటికి అంటకూడదని చింపేశారు. చింపినాక అందరూ తలమీద నీళ్ళు పోసుకున్నారు. 

అప్పుడు ఈరన్న గొంతు తగ్గించి ఇంకొక మాట చెప్పాడు, చెప్పకుండా ఉంటే బాగుండేది. వదిన ఒప్పుకోలేదన్నా, అన్నాడు. కార్డు చదివిన రోజు ఇంటి ముందు జనం చేరి ఏడుస్తుంటే బసమ్మ ఒక్కతే ఏడవలేదట. ఇంకొక తూరి చదవండి, అందట. కొండెక్కినాడంటే కొండెక్కినాడనే ఏమో, ఆయప్ప పోయిందే కొండెక్కనీకి గదా, అందట. అప్పటికే తునకలు కాలవలో ఉన్నాయి. ఆమె పోయి కాలవలో దిగి, బురదలో చేతులు పెట్టి వెతికింది, రెండు తునకలు దొరికాయి, అక్షరాలు కారిపోయి ఉన్నాయి. మతి చెడిందని ఆడవాళ్ళు లోపలికి ఈడ్చుకొచ్చారు. కులపెద్ద కాశన్న, మొగుడు పోయిన బాధలో ఆడది ఏదేదో అంటుంది, మీరు కానివ్వండి, అన్నాడు. పదోదినం గాజులు పగలగొట్టేటప్పుడు కూడా, ఇంకొక్క నెల చూడండి, ఇంకొక కార్డు వస్తే, అని చేతులు వెనక్కి దాచుకుందట. నలుగురు పట్టుకున్నారు. రామేశ్వరమ్మ పట్టుకుంది, ఇంకా ఎవరెవరో. తాళి తెంపారు, మెట్టెలు తీశారు. ఒక గాజు ముక్క మణికట్టులో దిగిందట, పుండు మానడానికి నెలన్నర పట్టింది. ఇంకొక కార్డు వస్తుందని ఆమె దీపావళి దాకా టపా మనిషి వచ్చే వేళకు వాకిట్లో నిలబడింది. తర్వాత నిలబడలేదు.

ఒక్క కార్డు రాపియ్యలేకపోతివా అన్నా, అన్నాడు ఈరన్న. గోపన్న నేల చూపులు చూశాడు. ఏం చెబుతాడు? కాలు కదలదు, రాయడం రాదు, తెలుగు మనిషి లేడు, ఇవన్నీ నోటి చివరిదాకా వచ్చాయి, ఒక్కటీ బయటికి రాలేదు. ఎందుకంటే ఉఖీమఠంలో వంటమనిషి ఒకాయన ఉండేవాడు, ధారవాడ దేశం మనిషి, నోరు తెరిస్తే కన్నడం. హిమవంతంలో, దేవదారుచెట్ల మధ్య, ఎమ్మిగనూరు సంతలో వినబడే మాట వినబడేసరికి గోపన్న మొదటిరోజు ఆయన కాళ్ళకు చుట్టుకొని ఏడ్చాడు. ఆయనే కాలికి మందు కట్టాడు, గంజి తాగించాడు, చచ్చిన వేళ్ళు తీయించాడు. ఊరికి ఉత్తరం రాసిపెడతానని ఆయన రెండుమార్లు అన్నాడు, కోడుమూరులో కన్నడం చదివేవాళ్ళకేం కరువు. రేపు రాద్దాం సామీ అన్నాడు గోపన్న రెండుమార్లూ. ఎందుకన్నాడు? రాస్తే వెంటనే రమ్మని కబురొస్తుంది. వస్తే పోవాలి. పోతే గుంట. కిటికీలోంచి పొద్దున్నే కొండల కొనలు ముందు ఎర్రబడి, తర్వాత పచ్చబడి, తర్వాత తెల్లబడతాయి, కింద లోయలో పొగమంచు నిండి ఉంటుంది, గుడిగంట వినిపిస్తుంది, తన పేరు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు, నేయాల్సింది ఏదీ లేదు. ఎంత హాయిగా ఉండేదో. నిజం చెప్పాలంటే, ఆ నెలల్లో ఇల్లు గుర్తుకొచ్చినప్పుడు పక్కకు తిరిగి పడుకునేవాడు. ఎట్లాగూ కార్డు పోయిందిలే, బాగున్నాననే అనుకుంటారులే. తను ఆ ఎండపొడ కోసం కాలు చాపుకొని కూర్చున్న పొద్దే ఇక్కడ ఆమె టపా మనిషి కోసం వాకిట్లో నిలబడి ఉంటుంది.  చచ్చినవాడని వీళ్ళు అనుకుంటే తప్పేముంది, ఆమెకు సంబంధించినంతవరకు తను ఆ చలికాలమంతా చచ్చే ఉన్నాడు.

మగ్గం ఆగకుండా ఆడుతోంది. తనకు తెలియకుండానే గోపన్న చెవి దాని వెంట పోయింది. పేకను మోసే నాడె ఎడమనుంచి కుడికి పోవడం కొంచెం నిదానం, కుడినుంచి ఎడమకు వేగం. పోగును బిగించే పలక దెబ్బ తనది మాదిరి బరువుగా పడదు, తేలిగ్గా రెండుమార్లు పడుతుంది. ఈరన్నది కాదు, వాడిది గుర్తే, వాడు దెబ్బకు దెబ్బకు మధ్య ఏదో గొణుగుతాడు. కూలివాడైతే ఇంత శ్రద్ధ ఉండదు. తను వీధిలో మొదటిసారి గట్టిగా మాట్లాడినప్పుడు ఈ మగ్గం ఒక్కసారి ఆగింది, ఇప్పుడు గుర్తొస్తోంది, ఒక ఊపిరి పీల్చుకునేంతసేపు ఆగి మళ్ళీ మొదలైంది. ఎవరది లోపల అని అడగాల్సిన పని లేకుండా పోయింది. గుంటలోకి ఎట్లా దిగిందో, మొదటిరోజు ఎన్ని పోగులు తెంపిందో, వీధి వీధంతా ఏమేమి అన్నదో. సంక్రాంతి పోయినాక మొదలుపెట్టింది, ఎవరు చెప్పినా వినలేదు, ఇప్పుడు గద్వాల షావుకారు ఆమె చీరే అడుగుతాడు అన్నాడు ఈరన్న, కొంచెం గొప్పగానే. గోపన్న తన కుడికాలు చూసుకున్నాడు. ఆ మూడు వేళ్ళు లేకుండా తొక్కుడుచెక్క అందదు. తన గుంటలో ఇప్పుడు ఆమె కాళ్ళు ఉన్నాయి. ఆ సంగతి సంతోషమో దిగులో తేల్చుకోలేకపోయాడు, అట్లాగే వింటూ ఉన్నాడు.

ఇందాకటినుంచి పక్కింటి అరుగు మీద పుస్తకం తిరగేస్తున్న పురోహితుడు దాన్ని మూసి కిందికి దిగాడు, వెనకే కాశన్న. వాళ్ళు ఇంతసేపూ చూసింది దీనికి దారి ఏమన్నా ఉందా అని. ఉందట. బతికుండగా కర్మ జరిగిపోయినవాడు మళ్ళీ పుట్టాలి. నేతితో ఒళ్ళంతా తడిపి నీళ్ళు పోయాలి, పసిగుడ్డుకు చేసినట్టు జాతకర్మ చేయాలి, పేరు పెట్టాలి, జందెం వేయాలి, ఆఖరున పాత పెండ్లామే అయినా కొత్తగా పెండ్లి చేసుకోవాలి. శుక్రవారం బాగుంది, ఒక్కరోజులోనే అన్నీ ముగించేయొచ్చు. నలభై మూడేళ్ళ బతుకు ఒక్క పూటలో మళ్ళీ మొదటినుంచీ! గోపన్నకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. సరే సామీ అన్నాడు. ఏం చేయమన్నా చేస్తాను, అదిగో ఆ గడప దాటనిస్తే చాలు. పురోహితుడు ఏదో గుర్తొచ్చినవాడిలా ఆగాడు. పిల్లను ఇచ్చేది ఎవరు? బసమ్మకు తండ్రి లేడు, అన్నదమ్ములు లేరు. అట్లాంటప్పుడు పిల్లనే అడగాలి, ఊరికే ఒక మాట, పద్ధతి కోసం. ఆయన వాకిలి వైపు తిరిగి, బసమ్మా, నీకు సమ్మతమే గదా తల్లీ అన్నాడు, జవాబు కోసం చూడకుండా పుస్తకాన్ని గుడ్డలో చుట్టడం మొదలుపెట్టాడు.

మగ్గం ఆగింది. ఆమె గడప దగ్గరికి వచ్చింది. బోసి నుదురు, బోసి చేతులు, జుట్టులో నూలు పీచు, కుడి మణికట్టు మీద తెల్లటి మచ్చ. పొద్దుటినుంచి వీధంతా తన కాళ్ళను చూసింది, ఆమె మాత్రం మొఖంలోకి చూసింది, చాలాసేపు చూసింది. గోపన్న లేచి నిలబడ్డాడు. ఆమె చూపు తిప్పి పురోహితుడితో మాట్లాడింది. ఆ గొంతులో కోపం లేదు, అది ఉన్నా గోపన్నకు ఇంత భయం వేసేది కాదు.

"తొమ్మిదేండ్లప్పుడు తాళి కట్టేటప్పుడు ఎవురూ అడగలేదు సామీ. పోయిన ఆషాఢంలో తెంపేటప్పుడూ అడగలేదు. ఈ పొద్దు అడిగినారు, శానా సంతోషం. మగ్గం మింద పడుగుండాది. అది అయిపోనీండి, ఆలోచన చేసుకోని చెప్తా."

పురోహితుడి చేతిలో గుడ్డముడి సగంలో ఆగిపోయింది. కాశన్న నోరు తెరిచి, శుక్రవారం అని ఏదో అనబోయేసరికి ఆమె లోపలికి వెళ్ళిపోయింది.  గోపన్న నిలబడినవాడు నిలబడినట్టే ఉన్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళ కాపురంలో బసమ్మ ఏమంటుందో అని ఒక్కనాడూ ఎదురుచూడలేదు తను. ఆమె ఏమనేదీ తనకెప్పుడూ ముందే తెలుసు, లేదా అక్కర్లేదు. ఇప్పుడు ఎంత వెతుక్కున్నా ఒక్క అక్షరం తెలియడం లేదు. అవునంటుందేమో, కాదంటుందేమో, నిజంగా తెలియడం లేదు. లోపల నాడె కదిలింది. గోపన్న మెల్లగా తమ్ముణ్ణి పిలిచాడు.

"ఒరే ఈరన్నా, ఆ పడుగు ఇంగా ఎంతుండాది?"

ఈరన్న ఒకసారి వాకిలి వైపు చూసి, దగ్గరికి జరిగి, అన్న పక్కన నిలబడి చెప్పాడు.

"నిన్ననే అతికిందిన్నా. నాలుగు చీరలది."

గోపన్న తల ఊపాడు. చీరకు నాలుగు రోజులు వేసుకున్నా పదహారు. ఎండ రాయి మీదికి వచ్చేసింది. అతను మూట తీసి చెట్టుకు అవతలి వైపు, నీడ ఉన్నచోట పెట్టుకొని, అక్కడ కూర్చున్నాడు.